బూజు దులపని మనిషి

'ఈగ' సినిమా చూడని తెలుగువాళ్లు తక్కువే. 2012లో వచ్చిన ఆ రాజమౌళి సినిమాలో, ఈగగా మళ్లీ పుట్టిన హీరో విలన్ మీద పగ తీర్చుకోడానికి బుల్లి బుల్లి బరువులెత్తి కసరత్తు చేస్తుంటే థియేటర్లు ఈలలతో మోగిపోయాయి. అది కంప్యూటర్లో పుట్టిన ఈగ. అంతకు నూరేళ్లకు పైగా ముందు, 1908లోనే, లండన్ జనం అసలు సిసలు ఈగ ఒకటి తన ఒంటికన్నా పెద్ద బంతిని కాళ్లతో గిరగిరా తిప్పడం తెర మీద చూసి నోరెళ్లబెట్టారు. దాన్ని తెరకెక్కించినాయన అప్పటికి సినిమా మనిషి కాదు. ప్రభుత్వ విద్యాశాఖలో గుమాస్తా. పేరు ఫ్రాంక్ పెర్సీ స్మిత్.

హీత్రోలో విమానం దిగి పికడిల్లీ లైను రైలెక్కితే, లండన్ నడిబొడ్డు దాటి ఉత్తరాన చివరాఖరికి వెళ్లేలోపు సౌత్‌గేట్ అనే స్టేషన్ వస్తుంది. ఆ పేటలోని ఓ మామూలు ఇంట్లోనే స్మిత్ తన పనంతా చేశారు. స్టూడియో అదే, ల్యాబ్ అదే, కాపురమూ అక్కడే.

గుమాస్తా గారి సాయంత్రాలు

స్మిత్ 1880 జనవరి 12న లండన్‌లోని ఇస్లింగ్టన్‌లో పుట్టారు. పెద్ద చదువులేం లేవు. 14 ఏళ్లకే విద్యాశాఖ ఆఫీసులో గుమాస్తాగా చేరిపోయారు. ఆ పనంటే ఆయనకు గిట్టేది కాదు. కానీ జీతం కావాలి కదా. పగలంతా ఫైళ్లు, సాయంత్రాలూ ఆదివారాలూ పురుగులు. షిఫ్టు దిగొచ్చాక మనకిష్టమైన పని మనం చేసుకున్నట్టే. తేడా ఏంటంటే, ఆయన ఆ రెండో పనిని జీవితాంతం వదల్లేదు.

1899లో, 19 ఏళ్లప్పుడు, క్వెకెట్ మైక్రోస్కోపికల్ క్లబ్‌లో చేరారు. 1865లో లండన్‌లో మొదలైన సంఘం ఇది. సూక్ష్మదర్శినిలో లోకాన్ని చూడాలనే ఆసక్తి ఉంటే చాలు, డిగ్రీ అడగరు. ఇప్పటికీ నడుస్తోంది. ఆ రోజుల్లో బ్రిటన్‌లో పురుగుల శాస్త్రం చాలావరకు ఇలాంటి వాళ్ల చేతుల మీదుగానే నడిచింది. సాలీళ్ల విషయంలో అయితే దేశంలోకెల్లా పెద్ద దిక్కు ఓ చర్చి పాస్టరు, డోర్సెట్‌లో ఉండే ఆక్టేవియస్ పికార్డ్ కేంబ్రిడ్జ్. ఎవరికి కొత్త సాలీడు దొరికినా పేరు చెప్పమని ఆయనకే పంపేవాళ్లు.

కుర్ర గుమాస్తా స్మిత్ కూడా సాలీళ్లనే పట్టుకున్నారు. క్లబ్ పత్రికలో వాటి మీద వరసగా వ్యాసాలు రాశారు. 1907లో బ్రిటన్‌లోని తోడేలు సాలీళ్ల మీద ఒక వ్యాసం అచ్చయింది. ఈ రకం గూడు అల్లదు. నేల మీద పరుగెత్తి వేటాడుతుంది. ఆడది గుడ్ల సంచిని ఒంటి వెనక అంటించుకుని తిరుగుతుంది, పిల్లలు బయటికొచ్చాక వాటిని వీపు మీద మోస్తుంది. వేసవిలో పార్కులో గడ్డి మీద కూర్చుంటే మీ కాళ్ల దగ్గరే కనపడొచ్చు.

ఇంకో గుంపు మీద కూడా ఆయన బాగా కష్టపడ్డారు. అవి ఇక్కడివాళ్లు 'మనీ స్పైడర్' అనే బుల్లి సాలీళ్లు. రెండు మూడు మిల్లీమీటర్లుంటాయి అంతే. ఇది ఒంటి మీద వాలితే డబ్బొస్తుందని ఇంగ్లిషువాళ్ల నమ్మకం. మన పంచాంగాల్లో బల్లి పడితే ఫలితం రాసినట్టు! బ్రిటన్‌లో ఉన్న 650కి పైగా సాలీడు జాతుల్లో మనీ స్పైడర్ కుటుంబానివే అయిదింట రెండు వంతుల దాకా ఉంటాయి. అన్నీ నల్లగా, గోధుమ రంగులో, ఒక్కలాగే కనిపిస్తాయి. ఒకదాన్నుంచి ఒకదాన్ని విడదీసి పేరు చెప్పాలంటే మగదాని మూతి దగ్గరుండే బుల్లి చేతుల కొసలను, ఆడదాని పొట్ట కింద భాగాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూడాల్సిందే. దీపం వెలుతురులో ఒక్కో సాలీడు దగ్గర గంటలకు గంటలు పట్టే పని. మర్నాడు మళ్లీ ఆఫీసు.

ఇంత చిన్న తేడాలు పట్టుకుంటే ఎవరికి లాభం అనిపించొచ్చు. ఆ ప్రశ్నకు జవాబు మన సికింద్రాబాద్‌లోనే ఉంది. స్మిత్‌కు 17 ఏళ్లున్నప్పుడు, 1897 ఆగస్టు 20న, బేగంపేటలో రొనాల్డ్ రాస్ ఓ దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనిపెట్టారు. అంతకుముందు రెండేళ్లు ఆయన కోసి చూసిన దోమలన్నీ వేరే రకాలవి. వాటిలో ఏమీ దొరకలేదు. రెక్కల మీద మచ్చలున్న దోమ వేరే జాతి అని గమనించి దాన్ని కోశాకే గుట్టు బయటపడింది. దోమల్లో ఏది ఏదో తెలియకపోవడం వల్ల పోయింది రెండేళ్లు. 1902లో రాస్‌కు నోబెల్ వచ్చింది.

ఈగ నాలుక తెచ్చిన అదృష్టం

స్మిత్ గీసి చూపించడంతో ఆగలేదు. కెమెరా పట్టారు. ఇప్పుడు మన చేతిలో ఫోను ఉంది, పువ్వు మీద తేనెటీగను టకటకా పది ఫొటోలు తీసేస్తాం. అప్పుడు గాజు పలకలు, వాటి మీద మందు పూత. వెలుతురు ఎక్కువసేపు పడితేగానీ బొమ్మ రాదు. పురుగేమో క్షణం ఆగదు. పైగా ఎంత దగ్గరికెళితే అంత చిక్కు. తల స్పష్టంగా వస్తే కాళ్లు మసక, కాళ్లు వస్తే తల మసక. ఈ చివరి బాధ ఇవాళ్టి ఖరీదైన కెమెరాల్లోనూ ఉంది.

అలా తీసిన వాటిలో ఒకటి, మాంసం కొట్టు దగ్గర ముసిరే నీలి మెరుపుల పెద్ద ఈగ నాలుక. ఇక్కడ దాన్ని బ్లూబాటిల్ అంటారు. ఈగ కొరకలేదు. ఉమ్మి వదిలి తిండిని నానబెట్టి, మెత్తటి దిండులాంటి నాలుకతో పీలుస్తుంది. ఆ దిండు మీద సన్నటి కాలువలు చాళ్లు తీసినట్టు ఉంటాయి. చూడటానికి ఎంత అందమో, అది వాలిన అన్నం తినాలంటే అంత భయం.

ఆ ఫొటో చార్లెస్ అర్బన్ కంట పడింది. అమెరికా నుంచి లండన్ వచ్చి స్థిరపడిన సినిమా వ్యాపారి. అంటే ఆయనా మనలాగే వలసొచ్చినవాడే. విజ్ఞానం చూపించి కూడా టికెట్లు అమ్మొచ్చని నమ్మిన మనిషి. స్మిత్ చేతికి సినిమా కెమెరా ఇచ్చి, పురుగుల్ని తీయమన్నారు. గుమాస్తా గారు ఉద్యోగం మానకుండా ఖాళీ వేళల్లో తీయడం మొదలెట్టారు.

మొదట పేరు తెచ్చింది 1908 నాటి ఈగ సినిమా. ఈగను వెల్లకిలా కదలకుండా పట్టి ఉంచి, కాళ్లకు బంతి అందిస్తే, అది నడుస్తున్నాననుకుని కాళ్లాడిస్తుంది. బంతి తిరుగుతుంది. ఇందులో శిక్షణ ఏమీ లేదు, ఈగ బలం, కాళ్ల నేర్పు అంతే. కానీ చూసినవాళ్లు ఊరుకుంటారా? కొందరు ఇది కనికట్టు అన్నారు, కొందరు ఈగను హింసించారన్నారు. పత్రికల్లో గోల గోల. దానికేం కాలేదని, పని అయ్యాక వదిలేశానని స్మిత్ చెప్పుకోవాల్సి వచ్చింది. రోజూ చేత్తో చరిచి చంపే ఈగ కోసం ఊరంతా జాలిపడటం తమాషాగానే ఉంది. అయితే అదే ఆయన గెలుపు కూడా. అంతవరకు ఈగ మొహం వాళ్లెప్పుడు చూశారు గనక! 1910లో అదే తరహా దృశ్యాలతో మరో సినిమా వచ్చింది.

1909లో సాలీళ్లు గాల్లో ఎలా ఎగురుతాయో చూపే సినిమా తీశారు. సాలీడుకు రెక్కల్లేవు. గడ్డిపరక కొసకెక్కి, పొట్ట పైకెత్తి, సన్నటి దారం వదులుతుంది. దారం గాలికి సాగి సాగి సాలీడును పైకి లాక్కెళుతుంది. 1832లో డార్విన్ ఓడ అర్జెంటీనా తీరానికి మైళ్ల దూరంలో ఉండగా వేల కొద్దీ బుల్లి సాలీళ్లు ఇలాగే వచ్చి తాళ్ల మీద వాలాయి. ఎగిరే క్షణాన్ని ఆనాటి కెమెరాతో పట్టడం సాధ్యం కాదు. అందుకని స్మిత్ ఓ బొమ్మ సాలీడును తయారుచేసి, కొంచెం కొంచెం కదుపుతూ ఒక్కో బొమ్మ తీశారు. మోసం అనుకోనక్కర్లేదు. ఇది ప్రదర్శన కోసమేనని సినిమా పేరులోనే పెట్టారు. సాలీడును పెద్దది చేసి, అది చేసే పని చూపిస్తే జనానికి దాని మీద భయం పోతుందని ఆయన నమ్మకం.

ఈ ఎగురుడు వెనక ఇంకో సంగతి ఉందని తేలింది ఈ మధ్యే. 2018లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు గాలి కదలని పెట్టెలో సాలీళ్లను పెట్టి, చుట్టూ విద్యుత్ క్షేత్రం పుట్టించారు. గాలి లేకపోయినా అవి పొట్ట ఎత్తి దారం వదిలి పైకి లేచాయి. వాతావరణంలో సహజంగా ఉండే విద్యుత్తును కూడా అవి వాడుకుంటాయన్నమాట. ఆ ప్రయోగంలో వాడినవి ఎరిగోన్ అనే మనీ స్పైడర్లు. స్మిత్ కళ్లు కాయలు కాసేలా చూసిన గుంపే.

ఉద్యోగానికి సెలవు

ఇంత చేసిన మనిషికి సొంత ఆఫీసులో మాత్రం చుక్కెదురే. పిల్లలకు చదువు చెప్పడానికి సినిమా గొప్ప సాధనం అవుతుందని ఆయన ఆశ. పనిచేస్తున్నది సాక్షాత్తూ విద్యాశాఖలో. పైవాళ్లు పట్టించుకోలేదు. 1910లో ఆయన ఆ కుర్చీ వదిలేసి పూర్తిగా సినిమాల్లోకి వచ్చేశారు. అప్పటికి పెళ్లయి మూడేళ్లు. పింఛను వచ్చే సర్కారు కొలువు వదిలి పురుగుల్ని నమ్ముకోవడమంటే మాటలు కాదు. ఇంటావిడ కేట్ ఆ రోజు ఏమనుకుందో గానీ, తర్వాతి 35 ఏళ్లలో ఆమె భరించింది చూస్తే దండం పెట్టాలనిపిస్తుంది.

అదే ఏడు 'ఒక పువ్వు పుట్టుక' అనే అర్థం వచ్చే పేరుతో చిన్న సినిమా తీశారు. మొగ్గ విచ్చడానికి రోజులు పడుతుంది. ఆగి ఆగి ఒక్కో బొమ్మ తీసి, అన్నీ కలిపి గబగబా తిప్పితే మొగ్గ కళ్ల ముందే విచ్చుకుంటుంది. ఇవాళ ఫోన్లో మీట నొక్కితే వచ్చే టైమ్‌లాప్స్ ఇదే. జనం చప్పట్లు కొట్టి, మళ్లీ వేయమని పట్టుబట్టేవాళ్లని చెబుతారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో కెమెరాతో నౌకాదళానికి పనిచేశారు, యుద్ధరంగాల పటాలను కదిలే బొమ్మలుగా చేసి సినిమాహాళ్లలో చూపించారు. యుద్ధం ముగిశాక 1920లలో 'ప్రకృతి రహస్యాలు' అనే వరస సినిమాల్లో చేరారు. 1922 నుంచి 1933 వరకు ఆ వరసలో 144 చిన్న సినిమాలొచ్చాయి. అసలు సినిమాకు ముందు వేసేవాళ్లు. మనకు ఇండియన్ న్యూస్ రీలు వేసినట్టు. తేడా ఏంటంటే వీటి కోసం జనం ఎదురుచూసేవాళ్లు.

బూజుతో కాపురం

తెలుగులో ఓ తమాషా ఉంది. మూలన సాలీడు అల్లినదీ బూజే, రొట్టె మీద మొలిచేదీ బూజే. స్మిత్ మొదటి బూజుతో మొదలుపెట్టి రెండో బూజు దాకా వెళ్లారు. 1927లో వంటింటి అలమరలో మొలిచే బూజు మీద, 1931లో నేల మీద పాకే జిగురు బూజు మీద సినిమాలు తీశారు. తెర మీద బూజు పచ్చటి అడవిలా పెరుగుతుంది, చెట్లు లేచినట్టు లేస్తుంది.

ఇవన్నీ సౌత్‌గేట్ ఇంట్లోనే. పరికరాలు కొనడానికి డబ్బుల్లేవు, అసలు అలాంటివి బజార్లో దొరకవు కూడా. పిల్లల మెకానో ముక్కలు, పాత గ్రామఫోను భాగాలు, కొవ్వొత్తి వత్తులు, చేతికందిన ఇనుప సామాను కలిపి సొంతంగా యంత్రాలు కట్టుకున్నారు. అవి రాత్రింబవళ్లు తమంతట తామే దీపం వెలిగించి, ఒక బొమ్మ తీసి, దీపం ఆర్పేవి. ఏ అర్ధరాత్రో ఏదైనా చెడితే నెలల శ్రమ బూడిదే. అందుకని ఇల్లంతా గంటలు అమర్చారు. యంత్రం మొరాయిస్తే మంచం దగ్గర గంట మోగేది, ఆయన లేచి పరుగెత్తేవారు. పండక్కి పది రోజుల ముందే బూజు కర్ర పట్టుకునే మన ఇళ్లలో ఇలాంటి మొగుణ్ణి ఊహించుకోండి!

కెమెరాలో బొమ్మ, చేతిలో సాలీడు

స్మిత్ జీవితంలో ఈ రెండు పనులూ, సాలీడుకు పేరు పెట్టడం, సాలీడును బొమ్మ తీయడం, పక్కపక్కనే నడిచాయి. ఒకటి ఇంకోదాని పని చేయదని ఆయనకు బాగా తెలిసుండాలి. ఇప్పుడు చాలామంది ఫొటో తీసి ఇదేంటో చెప్పండి అంటారు. కొన్నిటికి ఫొటో చాలు. తోటలో గుండ్రటి గూడు అల్లి, వీపు మీద తెల్లటి శిలువ గుర్తుండే సాలీడుకు చాలు. పసుపు, నలుపు చారల కందిరీగ సాలీడుకూ చాలు. ఇది 1922లో ససెక్స్ తీరంలో మొదటిసారి కనిపించి ఇప్పుడు దక్షిణ ఇంగ్లండంతా పాకింది. మనీ స్పైడర్లకు మాత్రం ఎంత మంచి ఫొటో అయినా చాలామటుకు కుటుంబం దాకా తీసుకెళ్లి ఆగిపోతుంది. ఫొటో చూసి ఠక్కున జాతి పేరు చెప్పేవాణ్ణి అంత తేలిగ్గా నమ్మొద్దు.

అయినా తీయాలనుకుంటే ఒక్క ఫొటోతో సరిపెట్టకండి. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, ఎదురుగా మొహం ఒకటి. కళ్లు ముఖ్యం. చాలా సాలీళ్లకు ఎనిమిదుంటాయి, అవి పేర్చిన తీరును బట్టే సగం కథ తెలిసిపోతుంది. తోడేలు సాలీడుకు కింద వరసలో నాలుగు చిన్నవి, మధ్యలో రెండు పెద్దవి, పైన రెండు. గెంతే సాలీడుకు ముందు రెండు కారు హెడ్‌లైట్లలా ఉంటాయి. గూడుంటే అదీ తీయండి. పక్కన నాణెం పెడితే సైజు తెలుస్తుంది. తేదీ, ఊరు, ఇంట్లోనా గడ్డిలోనా అన్నది రాసిపెట్టుకోండి.

సెప్టెంబరులో బాత్‌టబ్బులో అరచేయంత సాలీడు కనబడి అద్దె ఇళ్లలో మనవాళ్లు కేకలు పెట్టడం మామూలే. అవి చాలావరకు ఆడజత కోసం తిరుగుతూ, నున్నటి తొట్టిలో పడి ఎక్కలేకపోయిన మగ ఇంటి సాలీళ్లు. ఓ తువ్వాలు కొస వేలాడదీస్తే వాటి దారిన అవి పోతాయి. 2013లో పత్రికలు భయపెట్టిన 'ఫాల్స్ విడో' కరిస్తే మామూలుగా కందిరీగ కుట్టినంత నొప్పి. శ్రీకాళహస్తి పేరులో మొదటి అక్షరం 'శ్రీ' సాలీడుదే. గూడు అల్లి శివుణ్ణి కొలిచిన జీవి అది. మనవాళ్లకు దాని మీద చెప్పు ఎత్తేముందు ఒక్క ఫొటో తీసేంత ఓపిక ఉండటం న్యాయం.

స్మిత్ 1945 మార్చిలో, 65 ఏళ్ల వయసులో పోయారు. యుద్ధం ఇంకా ముగియలేదు. ఆయన సినిమాలు బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ భద్రపరిచింది. 2016లో స్టువర్ట్ స్టేపుల్స్ అనే సంగీతకారుడు ఆ బొమ్మల్ని కూర్చి, తన బృందం సంగీతం జతచేసి ఒక సినిమాగా విడుదల చేశారు. మాటల్లేవు. బూజు పెరుగుతుంది, పురుగు తింటుంది, మొగ్గ విచ్చుతుంది.

సాలీళ్ల శాస్త్రంలో ఆయన పేరు ఇంకో చోట నిలిచింది. 1908లో, ఈగ సినిమా వచ్చిన ఏడాదే, ఆయన ఓ మనీ స్పైడర్ ప్రజాతికి 'లెసర్షియా' అని పేరు పెట్టారు. స్విట్జర్లాండ్ సాలీళ్ల పండితుడు లెసర్ పేరు మీద. ఈ ప్రజాతికి చెందిన సాలీడు బ్రిటన్‌లో గుహల్లో, పాత గనుల్లో, మురుగునీరు శుద్ధిచేసే రాళ్ల మడుల్లో ఉంటుంది. ప్రపంచంలో ఎవరు దాని గురించి రాసినా, ప్రజాతి పేరు పక్కన ఇప్పటికీ 'స్మిత్, 1908' అని రాస్తారు.